ముప్పై ఎనిమిదో కార్డు

మా ఇంట్లో యాభై కార్డుల సెట్టు ఒకటి ఉంది. 1930లలో సిగరెట్ పెట్టెల్లో ఒక్కొక్కటిగా వేసి ఇచ్చిన క్రికెట్ ఆటగాళ్ళ బొమ్మలు. కార్డు నా చూపుడువేలంత పొడవు, రెండు వేళ్ళ వెడల్పు ఉంటుంది. ముందువైపు రంగుల్లో ఆటగాడి ముఖం, వెనక నంబరు, అతని ఆట గురించి ఏడెనిమిది వరుసలు. ఆ యాభై పోగుచేయడానికి మాకు మూడేళ్ళ పది నెలలు పట్టింది. 1988 జూన్ నుంచి 1992 ఏప్రిల్ దాకా. జ్ఞాపకం మీద ఆధారపడి చెప్పడం లేదు, నోటుబుక్కు ముందు పెట్టుకుని రాస్తున్నాను.

నేను తెనాలిలో బాలికల హైస్కూల్లో తొమ్మిదేళ్ళు లెక్కలు చెప్పాను. 1974లో మావారికి ఇక్కడ ఆస్ట్రేలియాలో, టూవూంబాలో ఆస్పత్రి ఉద్యోగం వచ్చింది. ఆయన మత్తు డాక్టరు. నాకు బడి పోయింది గాని లెక్క రాసే అలవాటు పోలేదు.

ఆ జూన్‌లో ఒక ఆదివారం ఆయన సంత నుంచి పాత బిస్కెట్ల డబ్బా ఒకటి పట్టుకొచ్చి, డైనింగ్ టేబుల్ మీద గుమ్మరించారు.

"ఇవి నేను చిన్నప్పుడు చూశానోయ్," అన్నారు.

బెజవాడలో వాళ్ళ పక్కింటి రైల్వే గార్డు గారి దగ్గర ఇదే సెట్టు ఉండేదట. మా మామగారి మీద గౌరవంతో ఆయన ఈయనకు రోజుకొకటి చూపించేవారట. ఇరవయ్యో ఇరవై ఒకటో చూసేసరికి గార్డు గారికి బదిలీ అయింది. తక్కిన ముఖాలు ఎలా ఉంటాయన్నది నలభై ఎనిమిదేళ్ళు ఆయన మనసులో అలాగే ఉండిపోయింది. "యాభైమందినీ వరసగా చూడాలి," అన్నారు. దీనికి మించి కారణమేమీ లేదు.

డబ్బాలో సెట్టు తాలూకు ముప్పై ఒక్క నంబర్లున్నాయి. కావలసినవి పంతొమ్మిది. నేను నోటుబుక్కులో యాభై వరుసలు గీసి నాలుగు గళ్ళు పెట్టాను: నంబరు, వచ్చిన తేదీ, స్థితి, చూసిన తేదీ. కార్డు ఏదైనా పొద్దున్న కాఫీ అయ్యాక వంటింటి తూర్పు కిటికీ దగ్గర కూర్చుని చూడాలి. ముందు ముఖం, తర్వాత వెనక రాసింది పైకి చదవడం. అప్పుడే నాలుగో గడి నింపుతాను. రోజుకొకటే. గార్డు గారి పద్ధతే అది.

వెతికే పని మొదటి ఆరు నెలలూ ఆయనకే వదిలేశాను. డిసెంబర్ ఆఖరుకు లెక్క చూస్తే, సెట్టుకు కావలసినవి రెండు వచ్చాయి. అక్కర్లేనివి: సీతాకోకచిలుకలు ఇరవై ఐదు, ఓడలు యాభై, కుక్కలు పద్నాలుగు. మొత్తం ఎనభై తొమ్మిది.

"కుక్కలెందుకండీ? మీకు కుక్కలంటే భయం కదా?"

"కార్డు మీద కుక్క కరవదోయ్."

"కావలసిన పదిహేడింటి కోసం వెళ్ళారు మీరు."

"వెళ్ళాను. అదే పెట్టెలో ఇవి కనబడ్డాయి. ఎంత బాగున్నాయో చూడు, ఆ చెవులూ అవీ."

1989 మార్చిలో ఒకరోజు ఆయన పేపరు చదువుతూ, వరుస మధ్యలో అక్షరాలు వంకరపోతున్నాయన్నారు. కంటి డాక్టరు చూసి, కుడికన్ను మధ్యలో చూపు అప్పటికే పోయిందనీ, ఎడమదానికీ మొదలైందనీ చెప్పాడు. చుట్టుపక్కలవి కనబడుతూనే ఉంటాయి. సూటిగా దేన్ని చూస్తే దాని మీద మచ్చ పడుతుంది. ఎన్నాళ్ళని అడిగితే, ఏడాది కావచ్చు, రెండేళ్ళు కావచ్చు అన్నాడు. వైద్యం లేదు. మావారు ఆ నెలాఖరుకు ఆస్పత్రి మానేశారు. సూది పెట్టే చెయ్యి కంటిని నమ్మాలి, నా కన్ను నేను నమ్మను అన్నారు. అంతకు మించి దాని గురించి మా ఇంట్లో మాట్లాడుకున్నది తక్కువ.

ఇంటికి వస్తూ కారులో ఆయన అడిగింది మాత్రం రాసుకున్నాను. "ఇంకా ఎన్ని రావాలి?"

"పదిహేడు."

"అయితే కుక్కలు ఆపేద్దాం."

ఏప్రిల్ నుంచి వెతికే పని నేను తీసుకున్నాను. యాభై ఐదో ఏట కారు నేర్చుకుని లైసెన్సు తెచ్చుకున్నాను, రెండోసారి పరీక్షలో. సంతకు గాని కార్డుల ప్రదర్శనకు గాని వెళ్ళేటప్పుడు అరకాగితం మీద కావలసిన నంబర్లు మాత్రమే రాసుకునేదాన్ని. కాగితంలో లేనిదాన్ని చేత్తో తాకకూడదు. ఇతర సెట్ల పెట్టె మూత తియ్యకూడదు. బల్లకు పది నిమిషాలు, హాలుకు గంట. పోస్టులో మార్చుకునేవాళ్ళకు ఉత్తరాలు సోమవారం, గురువారం. మావారు పక్కన ఉంటే ఇంకో పని కూడా ఉండేది.

"లిస్టులో ఉందా అది?"

"లేదనుకో. కానీ ఈ నీలం రెక్కలు చూడు..."

"కింద పెట్టండి."

"నువ్వు క్లాసులో కూడా ఇంతేనా?"

"క్లాసులో బెత్తం ఉండేది."

అలా పదహారు నెలల్లో పన్నెండు కార్డులు వచ్చాయి. మొత్తం నలభై ఐదు. వచ్చినవన్నీ ఆయన భూతద్దంతో చూశారు, వెనక రాసింది చదివారు. మీసాలున్నవాళ్ళు, లేనివాళ్ళు, ఎవరి టోపీ ఏ రంగు, అన్నీ నాకు వినిపించేవారు.

ఇక నా పొరపాటు. ఆయన కుక్కల్ని తిట్టిన నేను, స్థితి అనే మూడో గడి పట్టుకున్నాను. సెట్టులో ముడతపడినవీ, మూల అరిగినవీ ఏడు ఉన్నాయి. వాటి బదులు మంచివి తేవడం మొదలుపెట్టాను. ఏడూ తెచ్చాను. ఆయన అప్పటికే చూసిన ముఖాలవి. ఆ పదహారు నెలల్లో వాటికి పోయినవి ఐదు నెలలు. అప్పట్లో అది కాలం పోవడంలా అనిపించలేదు, పని శుభ్రంగా చేస్తున్నాననిపించింది.

1990 ఆగస్టులో బ్రిస్బేన్‌లో ఒక చర్చి హాల్లో ప్రదర్శన. మా ఊరి కొండ దిగి రెండు గంటలు కారు నేనే నడిపాను. కావలసినవి ఐదు: తొమ్మిది, ఇరవై రెండు, ముప్పై ఎనిమిది, నలభై ఒకటి, నలభై ఏడు. మావారు సీతాకోకచిలుకల బల్ల దగ్గర ఆగిపోయారు. నేను ముందుకు వెళ్ళాను. ఉన్ని స్వెట్టరు వేసుకున్న ముసలాయన ఒకడు నా కాగితం చూసి తొమ్మిది, నలభై ఒకటి తీసిచ్చాడు. తర్వాత ఇంకో కవరు వెతికాడు.

"థర్టీ ఎయిట్ కూడా ఒకటుంది, లవ్. కొంచెం ముడత ఉంది, అంతే." ఇక్కడి ముసలివాళ్ళు ఆడవాళ్ళని పిలిచే మాటే, లవ్ అన్నది.

చూశాను. కింద ఎడమ మూల మడతపడి తెల్లగీత వచ్చింది. ముఖం బాగానే ఉంది. ఎడమచేతి బౌలరు, పొడుగు ముక్కు.

"ముడత ఉన్నది మాకు వద్దు," అన్నాను.

"ముప్పై ఎనిమిది అంత తేలిగ్గా దొరకదు."

"మంచిది దొరికేదాకా ఆగుతాం."

"సరే, లవ్. నీ ఇష్టం." అని కవర్లో పెట్టేసుకున్నాడు.

కారులో మావారు ఏమేం దొరికాయని అడిగితే, తొమ్మిది, నలభై ఒకటి అన్నాను. అది నిజమే. మూడోదాని మాట ఎత్తలేదు.

1991 ఫిబ్రవరిలో ఇరవై రెండు వచ్చింది. చూడడానికి ఆయనకు పది నిమిషాలు పట్టింది. సెప్టెంబర్‌లో నలభై ఏడు వచ్చేసరికి మెడ పక్కకు తిప్పి, కార్డును అటూ ఇటూ జరుపుతూ, ముక్క ముక్కగా చూశారు. నలభై నిమిషాలు. "ఆకుపచ్చ టోపీ. మీసం లేదు. గడ్డం మీద చిన్న సొట్ట." సరిపోయింది. గడిలో తేదీ వేశాను. వెనకవైపు మాత్రం నేనే చదివాను.

మిగిలింది ఒక్కటి. బ్రిస్బేన్ ముసలాయనకు మూడు ఉత్తరాలు రాశాను. మూడోదానికి అతని చెల్లెలు జవాబిచ్చింది. అతను పోయాడు, పెట్టెలన్నీ ఎవరో కొనుక్కుపోయారు. తర్వాత హోబర్ట్‌లో ఒకావిడ తన దగ్గర మచ్చలేని ముప్పై ఎనిమిది ఉందనీ, మా ఓడల యాభై ఇస్తే పంపుతాననీ రాసింది. "ఆ ఓడలు ఊరికే కొనలేదు, చూశావా," అని మావారు వారం రోజులు నన్ను ఆడిపోసుకున్నారు.

ఆ కార్డు 1992 ఏప్రిల్‌లో వచ్చింది. అప్పుడు ఇంట్లో మా అమ్మాయి పెళ్ళి పనులు. అమ్మాయి బ్రిస్బేన్ నుంచి వచ్చి ఉంది. డైనింగ్ టేబుల్ మీద శుభలేఖలు నూట ఎనభై, వాటితో పాటు ఇక్కడి పద్ధతిలో వస్తున్నారో లేదో రాసి పంపే చిన్న జవాబు కార్డులు నూట ఎనభై. నేను గిన్నెలో పసుపు కలుపుకుని నాలుగు మూలలకూ అద్దుతున్నాను. మూలను బొటనవేలికీ ఉంగరపు వేలికీ మధ్య పట్టి అద్దడం మా అమ్మ చేసిన పద్ధతి, రెండు వైపులా అంటుతుంది.

"అమ్మా, రిప్లై కార్డుకి కూడా పసుపా? దే హావ్ టు పోస్ట్ ఇట్ బ్యాక్."

"పెళ్ళికి సంబంధించిన కాగితమేగా."

"లిటరల్లీ ఫ్రెండ్స్ అందరూ కర్రీ ఒలికిందనుకుంటారు."

"అనుకోనీ. భోజనం ఉందని తెలుస్తుంది."

హోబర్ట్ కవరు విప్పాను. నంబరు చూడడానికి కార్డును వెనక్కి తిప్పాను. ముప్పై ఎనిమిదే. మూలలు నాలుగూ కత్తిరించినట్టున్నాయి. బోర్లా అలాగే జవాబు కార్డుల మీద పెట్టి, ఫోను మోగితే వెళ్ళాను. వంటవాళ్ళు. ఎంతమందో చెప్పి తిరిగి వచ్చి కూర్చున్నాను. నూట పన్నెండో దగ్గర ఆపానా, నూట పదమూడో దగ్గరా అని ఆలోచిస్తున్నాను. చెయ్యి తన పని తాను చేసుకుపోయింది.

"అమ్మా, స్టాప్. అది వెడ్డింగ్ కార్డ్ కాదు."

అప్పటికి నాలుగో మూల కూడా అయిపోయింది.

అద్దుడు కాగితంతో అద్ది చూశాను. పసుపు పోయే వస్తువు కాదు. అమ్మాయి గొంతు తగ్గించి, "నాన్నకి చెప్పకు. హీ వోంట్ నో," అంది.

మర్నాడు కాఫీ అయ్యాక తూర్పు కిటికీ దగ్గర కార్డు ఆయన చేతికిచ్చాను. ముక్కుకు ఆనేంత దగ్గరగా పెట్టుకున్నారు. మెడ తిప్పారు. కార్డు జరిపారు. చాలాసేపు చూశారు. గడియారం చూడడం ఆ రోజు మర్చిపోయాను, నోటుబుక్కులో లేదు.

"ముఖం లేదోయ్. ఎటు తిప్పినా బూడిదరంగు మచ్చే," అన్నారు. "ఆగు. మూలల్లో ఈ పచ్చగా ఉన్నదేమిటి?"

"పసుపు."

"దీనికీ పెట్టావా?"

"పెట్టాను. శుభలేఖల్లో కలిసిపోయింది."

ఆయన నవ్వారు. "ఇంతకీ పెళ్ళికొడుకెవరో తెలియకుండా పోయిందే."

అప్పుడు చెప్పాను. బ్రిస్బేన్‌లో ఆ రోజు ఇదే నంబరు నా చేతిలోకి వచ్చిందనీ, ముడత ఉందని తిరిగిచ్చేశాననీ.

"ఎప్పుడు? మనం కొండ దిగి వెళ్ళినప్పుడా?"

"1990 ఆగస్టు."

"ముడత ముఖం మీదా?"

"కాదు. కింద, ఎడమ మూల."

కార్డు మూలను వేలితో రుద్దారు. "అప్పటికి నాకు ముఖాలు కనబడేవి," అన్నారు. కోపంగా అనలేదు. లెక్కలో మాట చెప్పినట్టు అన్నారు. నేనూ అవునన్నాను.

"ఎలా ఉంటాడు?"

"ఎడమచేతి బౌలరు. పొడుగు ముక్కు. టోపీ లేదు, జుట్టు నున్నగా దువ్వుకున్నాడు. నవ్వడు."

"వెనక చదువు."

చదివాను. ఏడు వరుసలు. రెండోసారి చదవమన్నారు, చదివాను. తర్వాత, "రాసుకో, చూశానని," అన్నారు.

"ముఖం చూడలేదుగా మీరు."

"మూలలు చూశాను. నలభై తొమ్మిదింటికి ఎప్పుడైనా మూలలు చూశానా నేను? నువ్వే చూశావు."

అమ్మాయి పెళ్ళయ్యాక ముప్పై ఎనిమిదో కార్డు నాకు ఇంకో రెండుసార్లు ఎదురైంది, ఒకసారి బ్రిస్బేన్‌లో, ఒకసారి ఇక్కడి సంతలోనే. రెండూ శుభ్రమైనవే. తీసుకోలేదు. లిస్టులో లేవు. పసుపు మూలలదే ఆల్బంలో దాని చోట ఉంది.

నోటుబుక్కులో ఆ వరుస ఇప్పుడు చూస్తే, స్థితి గడిలో "మరక, నాలుగు మూలలు" అని ఉంది. చూసిన తేదీ గడిలో తేదీ లేదు. "మూలలు" అని రాశాను. ఆయన ఎన్నిసార్లు అడిగినా అంతకంటే రాయలేదు. పేజీ అడుగున మొత్తం వేశాను. వచ్చినవి యాభై. చూసినవి నలభై తొమ్మిది.