కోలారు మేడ గోడ

ఆ రోజుల్లో అబద్ధానికి కూడా గట్టి పునాది ఉండేది. నాదైతే ఏకంగా రెండంతస్తుల మేడ మీద నిలబడింది. చోడవరం బజారులో మా ముత్తాత కట్టించిన ఆ మేడని ఊరంతా కోలారు మేడ అనేవారు. కోలారు బంగారు గనుల్లో పనిచేసి తెచ్చిన డబ్బుతో కింద నాలుగు కొట్లు, పైన రెండు గదులు లేపాడాయన. డెబ్బైల మొదట్లో అందులో ఒక కొట్లో నేను రేడియోలు బాగుచేసేవాణ్ణి. జిల్లాలోనే పేరుమోసిన మెకానిక్కుని. (సరే, వారానికి మూడు రేడియోలు వచ్చేవి. వాటిలో ఒకటి మా ఇంట్లోదే.)

అలాంటి మేడని, వాటాలో తనకి వచ్చింది కదా అని, మా పెదనాన్న ఎవరికో బేరం పెట్టాడు. కొన్నవాడు పడగొట్టి కొత్తది కట్టుకుంటాడట.

"నెలాకరికి కొట్టు ఖాళీ సెయ్యరా" అన్నాడు.

"సెయ్యను."

"ఏటీ?"

"సెయ్యనంటే సెయ్యను!"

ఆ కొట్టు పోతే నేను మళ్ళీ చెరకు బళ్ళ వెంట తిరగాల్సిందే. అందుకే గొంతు తగ్గించి ఓ మాట వదిలాను. "ముత్తాత గనిలోంచి తెచ్చిన మట్టినే ఈ గోడల సున్నంలో కలిపించేడంట పెదనాన్నా. గోడ అమ్మితే బంగారం అమ్మేసినట్టే."

ఆ సాయంత్రమే పెదనాన్న బేరగాణ్ణి పొమ్మన్నాడు. నేను మీసం దువ్వుకున్నాను. (అప్పటికి అది నూగే.) తెల్లారేసరికి ఆయన గునపం పట్టుకుని నా కొట్లోనే దిగాడు! వెంట, కంసాలుల వీధి కాలువ మట్టిని కడిగి బంగారు రజను ఏరుకునే ముసలమ్మ, ఆవిడ చెక్క పళ్ళెం. నాలుగు పోట్లకి గోడలో చెయ్యి పట్టేంత బొక్క పడింది. నేను వీపు గోడకి ఆనించి, చేతులు బార్లా చాపి, "ఇంక పొడిస్తే నన్నే పొడువు!" అని అరిచాను. ఐదువందలమంది పోగయ్యారు. (పదకొండుమంది. అందులో ఇద్దరు అనకాపల్లి బస్సు కోసం నిలబడ్డవాళ్ళు.)

ముసలమ్మ రాలిన సున్నాన్ని మూడు నీళ్ళు కడిగి, పళ్ళెం వంచి చూసి, నాకేసి చూసి, పెదనాన్నతో అంది. "బంగారం నేదు, గింగారం నేదు బాబూ. ఈ గుంటడి మొకం సూడు, సున్నం కన్నా తెల్లగుంది."

"అబద్ధమాడేను పెదనాన్నా. అయినా ఖాళీ సెయ్యను" అన్నాను.

"కొట్టు కోసం ముత్తాతనే అమ్మేసేవేట్రా, ఒరే?"

"నువ్వు ఆయన మేడ అమ్మేస్తన్నావు కదా!"

జనం నవ్వారు. ఆయన నవ్వలేదు. కాని పొమ్మన్న బేరగాణ్ణి మళ్ళీ బతిమాలడానికి పరువు అడ్డొచ్చింది. మేడ మిగిలింది.

ఇప్పటికీ ఆ కొట్లోనే కూర్చుంటాను. రేడియో తెచ్చేవాళ్ళు లేరు. ఆ బొక్క మీద కేలెండరు వేలాడుతుంది. ఎవరడిగినా ఈ గోడలో బంగారం ఉందనే చెబుతాను. వాళ్ళు నవ్వుకుంటూ వెళ్ళిపోయాక, కేలెండరు కాస్త పక్కకి జరిపి, టార్చి వేసి చూస్తాను. ఆ ముసలమ్మ కడిగింది ఒక్క పళ్ళెమే కదా!