గడప బయటికి పంపని కానిస్టేబుల్

కరోనా తగ్గిన తర్వాతి ఎండాకాలంలో నేను జగిత్యాల జిల్లాలోని ఒక కోర్టులో మేజిస్ట్రేటుగా ఉన్నాను. అరెస్టు చేసిన మనిషిని పోలీసులు ఇరవై నాలుగు గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. రిమాండుకు, అంటే జైలుకు, పంపే ముందు మేజిస్ట్రేటు అతన్ని స్వయంగా చూసి, పోలీసులు కొట్టారా అని అడగాలి.

ఆ సాయంత్రం తెచ్చిన మనిషి సిరిసిల్లలో మరమగ్గాల కార్మికుడు. కోరుట్లలో బావమరిది ఇంటికి వచ్చి, బోరు మోటారు దొంగతనం అనుమానంలో దొరికాడు. మర్యాద కొద్దీ చెప్పులు గడప బయటే విడిచి వచ్చాడు. ఎడమ పాదం ఉబ్బి నల్లబడి ఉంది. నేను చూశాను.

"పోలీసులు కొట్టిండ్రా?" అని అడిగాను.

అతను నావైపు చూడలేదు. తన మణికట్టు పట్టుకున్న కానిస్టేబుల్ వైపు చూశాడు.

"చెప్పరాదు, సారు అడుగుతుండు గద" అని కానిస్టేబుల్ నవ్వాడు.

"లేదు సారు. బండి మీదికెల్లి పడ్డ."

కానిస్టేబుల్‌ను బయట నిలబడమనే అధికారం నాకుంది. రోజూ కనిపించే మనిషి, అనుమానించినట్టు అవుతుందని మొహమాటపడ్డాను. వైద్య పరీక్షకూ ఆదేశించలేదు. "ఫిర్యాదు లేదు" అని రాసి జైలుకు పంపాను.

బెయిలు మీద విడుదలై, వాయిదాకు భార్య భుజం పట్టుకుని వచ్చాడు. విరిగిన ఎముక వంకరగా అతుక్కుంది. మగ్గాల మధ్య షిఫ్టంతా నిలబడాలి కనుక మగ్గాల యజమాని, ఆసామి, పనిలోకి రానివ్వలేదట. ఆ రోజే ఎందుకు చెప్పలేదని అడిగాను. భార్య అన్నది:

"మీరు అడిగిండ్రు సారు, కాదంటలేను. కొట్టినోడే చెయ్యి పట్టుకొని నిలవడితె ఏమని చెప్తడు? మీరైతే చెప్తరా?"

ఆమె మాటను ఫిర్యాదుగా నమోదు చేయించాను. విచారణ మరో కోర్టుకు వెళ్లింది. అక్కడ కానిస్టేబుల్ వకీలు నేను రాసిన ఆ రెండు మాటలే చదివి వినిపించాడు. ఫిర్యాదు కొట్టేశారు.

తర్వాత రిటైరయ్యే దాకా ఎస్కార్టు పోలీసులను గడప దాటించాకే ఆ ప్రశ్న అడిగాను. కొందరు చొక్కా ఎత్తి వీపు చూపించారు. అంతకు ముందు నా ఎదుట నిలబడి వెళ్లినవాళ్లలో అట్లాంటివారు ఎందరో నాకు తెలియదు. ముందు గది ఖాళీ చేయించాలి, తర్వాతే అడగాలి. శిక్షణలోనే ఈ మాట చెప్పారు. నేను నేర్చుకున్నది మాత్రం ఒకతని కాలు వంకరయ్యాక.