క్లారినెట్ కోసం ఒక అబద్ధం

నాన్న పోయిన రెండో నెలలో పత్తి కొనే పని మీద తణుకు నుంచి ఆదోని వెళ్లాను. అది డెబ్బైల చివర. ఏటి మైల అని మా ఇంట్లో రేడియో కూడా పెట్టడం లేదు. నాన్నకు క్లారినెట్ అంటే ప్రాణం. ఎవరైనా ఎదురుగా కూర్చుని వాయిస్తే వినాలనిపించింది. ఊళ్లో కచేరీలు ఎక్కడ జరుగుతాయని జట్కా తోలే మస్తాన్‌ను అడిగాను.

"కచేరీలు యాడివన్నా? బ్యాండు అంగడికి పోదాం. పెండ్లి ఉందంటే మచ్చుకని రెండు పాటలు ఊరికే వాయిస్తారు."

"అబద్ధం ఎలా చెప్పను?"

"నువ్వు సెప్పొద్దులే. నేను సెప్తా."

బ్యాండు మాస్టరు పెద్దమనిషి. "పెండ్లి ఎవరిది?" అని అడిగాడు.

"ఈ అన్నదే. పిల్లది ఎమ్మిగనూరు. మగ్గాలుండే ఇల్లు," అన్నాడు మస్తాన్.

నేను తల వంచుకున్నాను.

"సిగ్గు సూడు మాస్టరూ!"

మాస్టరు నా వైపు కాసేపు చూసి క్లారినెట్ అందుకున్నాడు. రెండు పాటలు అయ్యాయి. లేవాలనిపించలేదు. నిజం చెప్పేయబోయాను.

"తెలుసులేప్పా," అన్నాడాయన. "గుండు మీద వెంట్రుకలు ఇప్పుడిప్పుడే వస్తాండాయి. మీసమూ ఇంకా నిండలేదు. ఏడాది తిరక్కుండా పెండ్లి యాడిది? పోయింది ఎవరు?"

"నాన్న."

"పెండ్లి బేరానికి రెండు పాటలే. మూడోది మీ నాయనకు. ఆయనకు ఏం ఇష్టమో సెప్పు."

చెప్పాను. అది అప్పగింతల పాట. ముందు మస్తాన్ నవ్వాడు, తర్వాత మాస్టరు, చివరికి నేను. నవ్వులు ఆగాక ఆయన వాయించాడు.