మీ ఇంటికి వచ్చేవాళ్లు ఎక్కడ దారి తప్పుతారు?

2023లో నేను హైదరాబాద్‌లో ఒక డయాగ్నస్టిక్ సంస్థ యాప్‌కు యూఎక్స్ డిజైనర్‌గా పనిచేస్తున్నాను. యూఎక్స్ అంటే యూజర్ ఎక్స్‌పీరియన్స్. మా బంధువులు నేను కంప్యూటర్లో బొమ్మలకు రంగులు వేస్తాననుకుంటారు. రంగులు ఎప్పుడో చివర్లో వస్తాయి. ఫోన్ చేతిలో పట్టుకున్న మనిషి తడబడకుండా తన పని పూర్తి చేసుకునేలా చూడడమే మా పని. ఆఫీసు మాదాపూర్ వైపు, ఇల్లు సంతోష్‌నగర్. నాన్నగారికి ఇక్కడ ఉద్యోగం వచ్చి ఏలూరు నుంచి దిగినప్పటి నుంచీ మేం ఆ ఇంట్లోనే ఉన్నాం.

ఆ యాప్ చేసే పని చిన్నది. అందులో నమోదు చేసుకుంటే పొద్దున్నే మనిషి ఇంటికి వచ్చి పరీక్షకు రక్తం తీసుకెళ్తాడు. అతన్ని ఫ్లెబాటమిస్ట్ అంటారు. ఎక్కడికి రావాలో చెప్పే ఫారం నేను చేసిందే. ఇంటి నంబరు, అంతస్తు, వీధి, ప్రాంతం, దగ్గర్లోని గుర్తు, నగరం, పిన్‌కోడ్. మొత్తం ఏడు గడులు, మీద ఒక మ్యాపు, దానిలో నీలం చుక్క. ఎంత శుభ్రంగా ఉందో అని ఆఫీసులో అందరూ మెచ్చుకున్నారు. నేనూ మురిసిపోయాను. ఆ ఏడాది పదోన్నతి కోసం చూపించాల్సిన పనుల్లో దాన్నే మొదట పెట్టుకున్నాను.

కొండాపూర్ అపార్ట్‌మెంట్లలో ఆ ఫారం చక్కగా నడిచింది. పాతబస్తీలో మాత్రం నడవలేదు. వెళ్లినవాళ్లు గల్లీల్లో తిరుగుతూనే ఉండేవారు. పరగడుపున కూర్చున్నవాళ్లు విసిగిపోయి ఏదో ఒకటి తినేసి, పరీక్ష రద్దు చేసుకునేవారు. ఒక సోమవారం మీటింగ్‌లో మా మేనేజర్ నిఖిల్ ఆ సంగతి ఎత్తాడు.

"పాతబస్తీలో శాలిబండ, ఆ చుట్టుపక్కల సర్వీస్ ఆపేద్దామంటున్నారు" అన్నాడు.

"అక్కడివాళ్లకు అడ్రస్ సరిగ్గా రాయడం రాదు" అని ఎవరో గొణిగారు.

నాకు చురుక్కుమంది. చిన్నప్పుడు పండక్కి గాజులు కొనాలన్నా, బట్టలు కొనాలన్నా అమ్మ నన్ను తీసుకెళ్లింది ఆ దారుల్లోనే. "రెండు వారాలు ఆగండి. నేను వెళ్లి చూసొస్తాను" అన్నాను.

మా భాషలో దాన్ని ఫీల్డ్ విజిట్ అంటారు. వాడేవాళ్ల దగ్గరికే వెళ్లి, పక్కన నిలబడి చూడడం. రెండు రోజుల తర్వాత పొద్దున ఆరున్నరకు శాలిబండ బస్టాప్ దగ్గర మా ఫ్లెబాటమిస్ట్ యూసుఫ్ భాయ్‌ని కలిశాను. నలభై ఏళ్ల మనిషి, భుజానికి ఐస్ డబ్బా ఉన్న సంచీ. అతని బండి వెనకే నా స్కూటీ. మొదటి ఇల్లు గోవర్ధన్ గారిది. శాలిబండలో తాతల నాటి నుంచి ఇత్తడి సామాన్ల దుకాణం నడుపుతున్న కుటుంబం. ఆయనకు షుగర్ పరీక్ష.

చుక్క చూపించిన చోట బళ్లు ఆపాం. ఒక పక్క గోడ, ఇంకో పక్క మూసి ఉన్న గోదాం.

"సూడుండ్రి మేడమ్. సుక్క సూపిచ్చింది గీడనే. మనం నిలబడ్డది గీడనే. ఇల్లు మాత్రం లేదు" అన్నాడు యూసుఫ్ భాయ్.

గోడ అవతలి నుంచి, కింద నుంచి, ఒక గొంతు వినిపించింది. "ఓ భాయ్! మీద నిలబడి ఏం సూస్తున్నవ్, పావురాలనా?"

తొంగి చూశాం. రెండు నిలువుల లోతున ఒక వాకిలి. అందులో తెల్ల బనీనుతో ఒక పెద్దాయన కుర్చీలో కూర్చుని మా వైపే మెడ ఎత్తి చూస్తున్నారు. ఆయనే గోవర్ధన్ గారు. చుక్క తప్పు చెప్పలేదు, మేం సరిగ్గా ఆయన ఇంటి నెత్తినే ఉన్నాం. శాలిబండ గుట్ట మీద ఉంది, గల్లీలు ఒకదాని మీద ఒకటి మెట్లలా పేర్చినట్టుంటాయి. మా మ్యాపులో అదంతా బల్లపరుపు.

ఇంతలో ఆయన భార్య సరోజమ్మ బయటికి వచ్చి, యూసుఫ్ భాయ్‌కి ఫోన్ చేశారు. అరిస్తే వినిపించేంత దూరమే, అయినా ఫోన్‌లోనే చెప్పారు.

"అందరి లెక్కనే నువ్వు గూడ తప్పినవ్. ఎనుకకు పో. జిరాక్స్ దుకాణం కాడ అందరు కుడికి మల్తరు, నువ్వు మల్లకు. సక్కగ దిగు. చేతిపంపు వస్తది, నీళ్లు రావు గండ్ల. దాని ఎదురుంగ పచ్చ దర్వాజ. కొట్టకు, నూకు. తెరిచే ఉంటది."

నాలుగు నిమిషాల్లో ఆ పచ్చ తలుపు తోసుకుని లోపల ఉన్నాం.

గోవర్ధన్ గారు చెయ్యి చాపుతూనే అందుకున్నారు. "ఆరు గంటల సంది చాయ్ లేకుంట కూసున్న. షుగర్ సూసెతందుకు వచ్చిండ్రా, నా ఓపిక సూసెతందుకా?"

నాకు దాచబుద్ధి కాలేదు. "ఆ అడ్రస్ ఫారం చేసింది నేనేనండీ" అన్నాను.

ఆయన నన్ను ఎగాదిగా చూశారు. "నువ్వా? మంచిగనే చేసినవ్ బిడ్డా. అన్ని గడులు నింపిన, ఒక్కటి ఇడువలే. ఇంటి నంబర్ అడిగినవ్, చెప్పిన. పిన్‌కోడ్ అడిగినవ్, చెప్పిన. తోవ మాత్రం నువ్వు అడుగలే గద!"

యూసుఫ్ భాయ్ నవ్వు ఆపుకుంటూ దూది నొక్కిపెట్టాడు. నేను నోట్‌బుక్ తీసి, సరోజమ్మ ఫోన్‌లో చెప్పిందంతా గుర్తున్నంత వరకు రాసుకున్నాను. ఆ పొద్దున ఇంకో ఐదిళ్లు తిరిగాం. ప్రతి ఇంటి దగ్గరా ఫోన్‌లో ఇంచుమించు అదే మాట విన్నాను: "గాడ అందరు తప్పుతరు." తమ ఇంటికి వచ్చేవాళ్లు ఎక్కడ పొరబడతారో అందరికీ తెలుసు. దాన్ని రాయడానికి మాత్రం నా ఏడు గడుల్లో చోటు లేదు.

నాలుగు రోజుల తర్వాత ప్రోటోటైప్‌తో మళ్లీ వెళ్లాను. అసలు యాప్ కట్టకముందు వాడి చూడమని ఇచ్చే నమూనా అది. నాది నాలుగు కాగితాలు, వాటి మీద స్కెచ్ పెన్నుతో గీసిన స్క్రీన్లు. గడులన్నీ తీసేసి పెద్ద మైకు బొమ్మ వేశాను. కింద "మీ ఇంటికి దారి చెప్పండి" అని రాశాను. ఇక తిరుగులేదనుకున్నాను.

గోవర్ధన్ గారు కాగితం చూడగానే లేచి నిలబడ్డారు. చొక్కా తెచ్చుకుని తొడుక్కుని, గొంతు సవరించుకున్నారు. "నా పేరు గోవర్ధన్. తండ్రి పేరు నర్సయ్య. వృత్తి వ్యాపారం..." ఠాణాలో వాంగ్మూలం ఇస్తున్నట్టే ఉంది. సరోజమ్మకు ఇస్తే ఆవిడ ఇంటి నంబరు ఒక్కో అంకె చొప్పున చదివి ఆగిపోయారు. ఫోన్‌లో అంత చక్కగా దారి చెప్పిన మనిషి! పక్కింటి ఆవిడను పిలిచాం. ఆమె పిన్‌కోడ్ చెప్పి, నమస్కారం పెట్టి కూర్చుంది.

నా మొహం వాడిపోయింది. అది చూసి సరోజమ్మ నా పక్కన కూర్చున్నారు.

"బిడ్డా, గిండ్ల ఇనేటోడు ఎవడు?"

"ఎవరూ ఉండరండీ. రికార్డ్ అవుతుంది. తర్వాత యూసుఫ్ భాయ్ వింటారు."

"గదే మరి. గోడకు చెప్తే గిట్లనే వస్తది. యూసుఫ్‌కు చెప్పాల్నంటే నేను ఎంతసేపైనా చెప్త."

అక్కడికక్కడే కొత్త కాగితం తీశాను. భుజాన సంచీతో ఒక మనిషిని గీశాను, నా చేతనైనంతలో. మైకును చిన్నది చేసి ఓ మూలకు నెట్టాను. పైన ఇలా రాశాను: "యూసుఫ్ మీ గల్లీ మొదట్లో నిలబడ్డాడు. మీ ఇంటికి వచ్చేవాళ్లు ఎక్కడ దారి తప్పుతారో అతనికి చెప్పండి."

సరోజమ్మ కాగితం చెవి దగ్గర పెట్టుకున్నారు. అది ఫోన్ కాదన్న సంగతే మరచిపోయారు. "ఓ యూసుఫ్, ఇను. జిరాక్స్ దుకాణం కాడ కుడికి మల్లకు..."

"జిరాక్స్ దుకాణం తీసేసి ఆర్నెల్లాయె, గిప్పుడు గాడ ఫోన్ కవర్లు అమ్ముతున్నరు" అంది పక్కింటి ఆవిడ.

"బోర్డు గట్లనే ఉంది గద!" అన్నారు గోవర్ధన్ గారు.

"బోర్డు ఉంటే? లోపల్కి పోయి జిరాక్స్ అడుగుతడా?"

లొల్లి మొదలైంది. ఎదురింటాయన వచ్చి, అసలు కింది గల్లీ నుంచి రావడమే దగ్గరన్నాడు. గోవర్ధన్ గారు ఒప్పుకోలేదు. నేను ఫోన్‌లో రికార్డర్ నొక్కి ఊరికే కూర్చున్నాను. పదేళ్ల ఉద్యోగంలో అంత హాయిగా నవ్వుకున్న యూజర్ టెస్టింగ్ నాకు ఇంకోటి లేదు. వాడేవాళ్లతో నమూనాను పరీక్షించుకోవడాన్ని అలా అంటారు. మామూలుగా అది ఏసీ గదిలో జరుగుతుంది, మేం గాజు పలక వెనక నుంచి చూస్తాం.

నిఖిల్ మొదట ఒప్పుకోలేదు. "మనుషుల మాటలను సిస్టమ్‌లో ఎలా వెతుకుతాం?" అన్నాడు. శాలిబండలో రికార్డ్ చేసింది వినిపించాను. జిరాక్స్ గొడవ దగ్గరికి వచ్చేసరికి కుర్చీలో వెనక్కి వాలి నవ్వాడు. రిపోర్టు కోసం ఇంటి నంబరు, పిన్‌కోడ్ ఉంచి, మిగతా ఐదు గడుల చోట ఆ ఒక్క ప్రశ్న పెట్టాలని తేలింది. ముందు శాలిబండలోనే ప్రయత్నించి చూడాలన్నారు.

కొత్త స్క్రీన్ నడిచిన మొదటి పొద్దున కూడా యూసుఫ్ భాయ్ వెంట వెళ్లాను. ప్రతి మలుపులో ఆగి ఫోన్ చెవికి ఆనించుకుని, రికార్డింగ్ విని నవ్వుకుంటూ కదిలేవాడు. ఒకరు "కుక్క అరుస్తది గని కరువది, ఫికర్ చెయ్యకు" అన్నారు. ఇంకొకరు "మూడో అంతస్తు తలుపు కొట్టకు, ఆడ మా మరదలు ఉంటది, మాకు మాటల్లేవు" అన్నారు. ఎనిమిది కాకముందే అన్ని ఇళ్లూ అయిపోయాయి.

"మేడమ్, ఇయ్యాల ఒక్క ఫోన్ గూడ చెయ్యలే! మస్తుగుంది" అన్నాడు సంచీ సర్దుకుంటూ. ఇద్దరం నిలబడి ఇరానీ చాయ్ తాగాం. ఆ రోజు చాయ్ నేనిప్పించాను.

శాలిబండ సర్వీస్ ఆగలేదు. తర్వాత ఊరంతటికీ అదే ప్రశ్న పెట్టారు. కొండాపూర్‌లో కూడా జనం "ఒకటో గేటుకు రావొద్దు, సెక్యూరిటీ ఆపుతాడు, రెండో గేటుకు రండి" అని చెప్పడం మొదలుపెట్టారు. అక్కడా దారి తప్పుతూనే ఉన్నారన్నమాట, మాకు ఎవరూ చెప్పలేదంతే. పదోన్నతి సమావేశంలో నేను నా పాత ఏడు గడుల ఫారాన్నే ముందు చూపించి, అదెందుకు పనికిరాలేదో పదిహేను నిమిషాలు చెప్పాను. పదోన్నతి వచ్చింది.

ఇప్పుడు నా కింద ముగ్గురు డిజైనర్లు ఉన్నారు. ఎవరైనా కొత్త స్క్రీన్ గీసి తెస్తే గడులు, రంగులు తర్వాత చూస్తాను. "ఇక్కడ ఈ మనిషి ఎవరితో మాట్లాడుతున్నాడు?" అని ముందు అడుగుతాను. జవాబుగా ఒక మనిషి పేరు చెప్పగలిగితే పక్కన కూర్చుని మిగతాది చూస్తాం. చెప్పలేకపోతే నేనేమీ కోప్పడను. ఆ రోజుకు లాప్‌టాప్ మూసేసి, వాడేవాళ్ల ఇంటికి వెళ్లి రమ్మంటాను.