ముప్పై ఇళ్ల జవాబు

కొండకి నిప్పంటుకుంటే అక్కడి మనుషుల్ని ఏమడగాలో, ఎలా అడగాలో పరిశోధక విద్యార్థులకు నేర్పడం నా పని. రిటైరైనా మానలేదు. పోయిన మార్చిలో ఒక విద్యార్థినితో హుకుంపేట దగ్గరి ఒక కొండ ఊరికి వెళ్లాను. ముప్పై ఇళ్ల జవాబులు రాకపోతే ఆమె పీహెచ్‌డీ అధ్యాయం ఒప్పుకోనని ముందే చెప్పాను.

ఇరవై తొమ్మిది వచ్చాయి. కొండకి నిప్పెవరు పెడతారని అడిగితే అందరూ "పక్కూరోళ్లు" అన్నారు. పక్క ఊళ్లో అడిగితే వాళ్లు ఈ ఊరి పేరు చెప్పారు.

మిగిలింది ఊరిపెద్ద భార్య. ఆవిడ రోజూ రేపు రమ్మనేది. అలా ఎదురుచూస్తూ ఆవిడ కాఫీ తోట పక్కన నా విద్యార్థిని టీ కాచి, పొయ్యి ఆర్పడం మరిచింది. గాలికి ఎండుగడ్డి అంటుకుంది. ఊరంతా పచ్చి కొమ్మలతో పరిగెత్తి వచ్చి కొట్టి ఆర్పారు. కాఫీ మొక్కలు దక్కాయి.

ఊరిపెద్ద భార్య మసి చేతులతో వచ్చి ఆ పిల్ల ముందు నిలబడింది.

"ఏటే గుంటా, నిప్పెవులెట్టినారు?"

విద్యార్థిని పొయ్యి వంక చూసింది, నా వంక చూసింది.

"పక్కూరోళ్లే, పెద్దమ్మా."

ఇక మమ్మల్ని ఊళ్లోకి రానివ్వరనుకున్నాను. ఆవిడ మాత్రం పడీపడీ నవ్వింది.

"ఇది మనూరి గుంటేనర్రా! బేగి రాసుకోవే, నాదీ అదే మాట."

అధ్యాయం ఒప్పుకున్నాను. లెక్క లెక్కే కనుక విద్యార్థిని జవాబు కూడా కలిపి ముప్పై ఒకటని రాయించాను.