భాస్వరం లేని బస్తా

వైటూకే పుణ్యమా అని తెలుగువాళ్ళు సింగపూరులో విమానం దిగుతూనే ఉన్న రోజులవి. బిషాన్‌లో తారాదేవి ఇంటికి ఎవరొచ్చినా అడిగేది ఒకటే: జావా ఎప్పుడు నేర్చుకుంటావని.

"తిరుపతిలో పశువైద్యం చదివి, ఇక్కడ కూడా పేడేనా తారా?" అంది ఓ ఆదివారం పక్కింటి కోటేశ్వరి ఆంటీ.

"పేడ కాదాంటీ, ఉప్పు. మీవాళ్ళ ప్రోగ్రాములు ఆవులు నాకవు."

భర్త గంగాధర్ నవ్వాడు. నవ్వుతూనే మళ్ళీ జావా కోర్సు మాట ఎత్తాడు.

బూన్ లే దగ్గరి మిల్లులో ఆమె పశువుల ఖనిజ మిశ్రమాలు కూరుస్తుంది. సున్నపురాయి పొడి లేచి కిటికీ వెలుగులో మంచులా ఆగుతుంది, ఆమె కనురెప్పల మీద వాలుతుంది. ఆమె సరేనంటేనే మిక్సరు తిరుగుతుంది.

ఆ సోమవారం ఆమె వద్దంది. బస్తాలు వంతెన అవతల, మలేషియా జొహోర్‌లోని ఒక మందకు వెళ్ళాలి. ఒట్టి గడ్డి మేసినన్నాళ్ళు ఆ కోడెలకు భాస్వరం చాలేది కాదు. అందుకే పాత మిశ్రమంలో అది దండిగా ఉండేది. ఇప్పుడు వాటికి మేతతోపాటు గోధుమ తవుడు, బీరు తీసిన బార్లీ పిప్పి పెడుతున్నారు. వాటిలో భాస్వరం కావలసినదానికన్నా ఎక్కువ, కాల్షియం తక్కువ. పైన ఇంకా పోస్తే మూత్రనాళంలో రాళ్ళు కడతాయి. రెండు కోడెలు మూత్రం రాక కాళ్ళు తన్నుకుంటున్నాయని ఆ పొద్దునే కబురొచ్చింది.

మిల్లు యజమాని లిమ్ వినలేదు. భాస్వరం తీసేస్తే మిగిలేది సున్నమూ ఉప్పూ, అది ఎవడు కొంటాడన్నాడు. అడ్డుపడితే రేపటినుంచి రావద్దన్నాడు.

"ఎలాగూ కోతకు పోయేవే లా," అన్నాడు, అక్కడి అలవాటు ప్రకారం చివర 'లా' తగిలించి.

"కోసేదాకా అవి నావి," అంది తారాదేవి.

మిక్సరు తిరగకుండా మీట దించేసింది. లిమ్ బల్ల మీది ఫోనే అందుకుని, అతని ఎదుటే మందవాళ్ళకు చేసింది. ఇంతకాలం తమ మిల్లు పంపిన మిశ్రమం ఇక ఆ కోడెలకు పనికిరాదని, ఉన్న బస్తాలు పక్కన పెట్టమని, జబ్బుపడ్డవాటికి వెంటనే డాక్టరును పిలవమని చెప్పింది. అవతలి మనిషి భాస్వరం లేనిదే పంపమన్నాడు. రిసీవరు లిమ్ చేతికిచ్చింది. అతను విన్నాడు, పెట్టేశాడు, అవే పొయ్యమన్నట్టు సున్నపురాయి బస్తాల వైపు గడ్డం ఊపాడు.

ఆమె మీట ఎత్తింది.

సాయంత్రం రైల్లో, మెడలో కంపెనీ కార్డులు వేలాడేసుకున్న కుర్రాళ్ళు సున్నపు పొడితో తెల్లబడ్డ ఆమె జుట్టూ భుజాలూ చూసి కాస్త జరిగి నిలబడ్డారు. ఆమె దులుపుకోలేదు.