ఊడ్చేసిన పలాడియం

మా కెమిస్ట్రీ సారు మొన్న శనివారం కర్నూలు ఆసుపత్రిలో కామెర్లతో పోయారు. కబురు తెచ్చిన కాలేజీ జవాను "సారు లేడప్పా" అని గడపలోనే కూలబడ్డాడు.

ఆలూరు పక్క మెట్టసేద్యం ఇంట పుట్టి, మద్రాసులో చదివి వచ్చిన మనిషి. కోపిష్టి. గాజుసీసా సరిగా కడగకపోతే మళ్లీ కడిగించేవారు. ఇవాళ నేను అదే ల్యాబులో పిల్లలకు పని నేర్పుతున్నానంటే ఆ కోపం వల్లే.

పాఠాలయ్యాక ఆయన ఒక కొత్త మందు తయారుచేసేవారు. ఆ పదార్థంలో ఒక కొస దేనితోబడితే దానితో కలిసిపోతుంది. అందుకని దానికి ముందే ఒక తొడుగు వేసి, మిగతా పని ముగించి, ఆఖరున పలాడియం అనే లోహపు నల్లపొడి సాయంతో హైడ్రోజన్ పట్టించి తొడుగు ఊడదీయాలి. ఆ పొడి మద్రాసులోని తన గురువును బతిమాలి చిటికెడు తెచ్చుకున్నారు. హైడ్రోజన్ బాగా కలవాలంటే సీసా ఊపుతూనే ఉండాలి. ఊపే యంత్రం లేదు. ఇద్దరం వంతులవారీగా చేత్తోనే ఊపేవాళ్లం.

"చేతులు పీకుతాండాయి సారూ," అన్నాను ఒకసారి.

"పీకనీలేప్పా. తొడుగు వేసేది శానామందికి వచ్చు. లోపలిది చెడకుండా తీసేదే విద్య."

వేరే సరుకు మీద పరీక్ష చేశాం. తొడుగు ఊడింది. ఇక అసలుదే మిగిలింది.

అంతలో కొత్త ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలు రాజధాని అయింది. మా ల్యాబు ఒక ఆఫీసుకు ఇచ్చేశారు. "వారం ఆగండప్పా, ఒక్క మెట్టే ఉండాది," అని సారు అడిగారు.

"ప్రభుత్వం మీ సీసాల కోసం ఆగుతుందా మాస్టారూ?" అన్నాడు కోస్తా నుంచి వచ్చిన అధికారి.

మర్నాడు వెళ్లేసరికి సామాన్లన్నీ వరండాలో కుప్పగా ఉన్నాయి. రెండేళ్ల కష్టం ఉన్న సీసా పగిలిపోయింది. పలాడియం చెత్తలోకి పోయింది. సారు గొంతుక్కూర్చుని ఆ చెత్తలో చాలాసేపు వెతికారు.

"మసి అనుకొని ఊడిస్తి సారూ," అన్నాడు ఊడ్చినవాడు, ఏడుపు గొంతుతో.

"నీ తప్పు గాదులే."

మూడేళ్లకు రాజధాని హైదరాబాదుకు తరలిపోయింది. గది మాకు తిరిగొచ్చింది. మళ్లీ మొదలుపెడదామన్నాను. "యాడ నుంచి మొదలుపెట్టేదప్పా?" అని సారు పాఠానికి వెళ్లిపోయారు. ఆ తర్వాత ఆయన పాఠం చెప్పారు, పరీక్ష పేపర్లు దిద్దారు. అంతే.

ఆదివారం పాడె కాలేజీ మీదుగా తీసుకుపోయాం. ఒక్క నిమిషం లోపల దించుదామనుకుంటే గేటుకు తాళం.

"సెలవుదినం తీయాలంటే ఆర్డరు కావల్ల," అన్నాడు కాపలావాడు, తల వంచుకుని.

రోడ్డు మీదే దించాం. ఎండ నేరుగా ఆయన ముఖం మీద పడుతోంది. ఎవరో తువ్వాలు అడ్డం పట్టారు. కాసేపు నిలబడి, మళ్లీ భుజాలకెత్తుకుని హంద్రి ఒడ్డు శ్మశానం వైపు నడిచాం.